పసిబిడ్డ బొంతలో నల్లరేగడి

నాగలాపురంలో పుట్టిన బిడ్డకు నల్లబట్ట పెట్టచ్చా? కొన్నాళ్ళుగా నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. నా చిన్ననాటి స్నేహితురాలు పురిటికి పుట్టింటికి, అంటే మా ఊరికే వచ్చి ఆడపిల్లను కన్నది. వెండి మొలతాడు పెట్టేవాళ్ళు, బంగారు ఉంగరం తొడిగేవాళ్ళు వాళ్ళ బంధువుల్లో చాలామందే ఉన్నారు. నేను బొంత కుట్టి ఇస్తానన్నాను. సూదిపని మా ఇళ్ళలో ఆడవాళ్ళందరికీ అబ్బేదే, దానికి భయం లేదు. డిజైను దగ్గర ఆగిపోయాను. నా కంటికి కనబడుతున్న బొంతలో ముప్పాతిక భాగం నలుపు.

ఆ నలుపు నాకు ఎక్కడినుంచి వచ్చిందో మా వైపు రానివాళ్ళకు చెప్పాలి. తూత్తుకుడి జిల్లా విళాత్తికుళం తాలూకాలో ఉంది మా ఊరు. కోవిల్‌పట్టి దాటి ఎట్టయపురం మీదుగా వచ్చినా, విరుదునగర్ నుంచి అరుప్పుకోట్టై మీదుగా దిగినా రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడే. తమిళులు కరిసల్ అంటారు. ఆ మట్టిలోని బంక నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. వేసవిలో కాలు దిగబడేంత బీటలు పడతాయి. పైమన్ను రాలి ఆ బీటల్లో పడుతుంది, వానలు వచ్చాక అడుగు మన్ను పైకి లేస్తుంది. ఎవరూ నాగలి పట్టకపోయినా తనను తాను తిరగేసుకునే నేల అది. ఈశాన్య ఋతుపవనాల వాన కడుపునిండా తాగిందంటే ఆ తడిని తై మాసం దాటిందాకా దాచుకుని పత్తికీ, జొన్నకీ, సజ్జకీ, ధనియాలకీ, మిరపకీ కొంచెం కొంచెంగా వదులుతుంది. తిరునల్వేలి సీమ రైతుల చరిత్ర రాసిన డేవిడ్ లడెన్ తన 1985 నాటి పుస్తకంలో, విజయనగర కాలం నుంచి దక్షిణానికి దిగిన తెలుగువాళ్ళు ఏటి ఒడ్డు వరినేలల్లో కాకుండా ఈ నల్లనేలల్లో స్థిరపడిన తీరు వివరించాడు. తామ్రపర్ణి తడినేల అప్పటికే నిండిపోయింది. మా వాళ్ళకు దొరికింది ఇది. దీన్ని ఎలా లొంగదీసుకోవాలో వాళ్ళకు తెలుసు.

కాబట్టి మా బిడ్డ బొంతకు ఆ నేలకంటే దగ్గరి రంగు ఏముంటుందని నా వాదన. నేనిప్పుడు మదురైలో ఉంటున్నాను. ఇక్కడి దుకాణాల్లో పసిపిల్లల దుప్పట్ల మీద ఉండే ఏనుగులు, ఎలుగుబంట్లు, నెలవంకలు అందంగానే ఉంటాయి. కానీ అవి ఏ ఊరి బిడ్డకైనా సరిపోతాయి. నాకు ఈ బిడ్డకు మాత్రమే చెందే బొంత కావాలి.

డిజైను ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సిన మాట ఒకటుంది: దాన్ని చూసేది ఎవరు? చలిదేశాల్లో బొంత బిడ్డ మీద కప్పుతారు. మా ఎండలకు కప్పడం అన్న మాటే లేదు. పైగా ఏడాది నిండేవరకు నిద్రపోయే బిడ్డ మీద వదులుగా దుప్పట్లు వేయవద్దని పిల్లల వైద్యులు ఎక్కడైనా చెబుతున్నదే. మా దగ్గర నిద్ర చీర ఉయ్యాలలో, మెలకువ నేల మీది బొంతలో. అంటే మొదటి నెలల్లో బిడ్డ వీపు కింద ఉండే డిజైను బిడ్డకు కనబడదు. కనబడేది వంగి చూసే అమ్మకు, అవ్వకు, పక్కింటి అత్తకు. నాలుగైదు నెలలకు బిడ్డ బోర్లాపడుతుంది. ఆంధ్రలో ఆ రోజు బొబ్బట్లు పంచుతారు, నడక మొదలుపెడితే అరిసెలు. ఆ బోర్లాపడిన పూట, మెడ నిలిపి, కింద ఏముందో బిడ్డ మొట్టమొదటిసారి చూస్తుంది, జానెడు దూరంలో. నేను కుట్టేది ఆ పూట కోసం.

అంత చిన్న కళ్ళు ఏం చూస్తాయో తెలుసుకోవాలని కొంత చదివాను. రాబర్ట్ ఫాంట్జ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1963లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించాడు. పుట్టి అయిదు రోజులు కూడా దాటని బిడ్డలకు కొన్ని గుండ్రటి బిళ్ళలు చూపించాడు. నలుపు తెలుపుల్లో గీసిన ముఖం, ఒకదానిలో ఒకటిగా వలయాలు, అచ్చు కాగితం ముక్క ఒకవైపు. సాదా ఎరుపు, పసుపు, తెలుపు బిళ్ళలు ఇంకోవైపు. పసికళ్ళు ఎక్కువసేపు నిలిచింది గీతలున్నవాటి మీదే, అన్నిటికంటే ఎక్కువగా ముఖం మీద. పుట్టిన కొత్తలో చూపు అందేది సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్లు, పాలు తాగే బిడ్డకు తల్లి ముఖం ఉండేంత దూరం. లేత గులాబి మీద లేత నీలం పూలు పెద్దవాళ్ళకు ముద్దుగా ఉంటాయి గానీ ఆ బిడ్డకు అవి కలిసిపోయిన మసక. నలుపు పక్కన తెలుపు పెడితే అది అంచును పట్టుకుంటుంది. దీంతో నా నలుపుకు ఇంకో బలం దొరికింది.

బొంత మీద అక్షరాలు కుట్టమని స్నేహితురాలి తమ్ముడు అడిగాడు. అ ఆ ఇ ఈ, ముదురు రంగు దారంతో. అతని ఆశ నాకు అర్థమవుతుంది. మేమంతా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అతనికీ, వాళ్ళక్కకూ, వాళ్ళ అమ్మకూ తెలుగు చదవడం రాదు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) కూడా తన సాహిత్యమంతా తమిళంలోనే రాశారు. తెలుగునేల వదిలివచ్చి అడవి నరికి ఊరు కట్టుకున్నవాళ్ళ కథను ‘గోపల్ల గ్రామం’గా చెప్పి, దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నదీ తమిళంలోనే. మా తెలుగు నోట్లో బతికింది. పొలంలో, పంచాయితీలో, పెళ్ళిపాటలో, కోపంలో, జోలలో. ఆ బిడ్డను అక్షరాల మీద పడుకోబెడితే, వంగి చూసేవాళ్ళలో ఒక్కరూ వాటిని పైకి చదవలేరు. చదవలేని అక్షరాలు ఆ ఇంటివాళ్ళకు రోజూ ఒక లోటును గుర్తుచేస్తాయి. బిడ్డ ఎదిగి నేర్చుకుంటానంటే తెలుగు వాచకం నేనే పట్టుకెళ్ళి ఇస్తాను. బొంత మీద మాత్రం వద్దు.

తర్వాత నన్ను లాగింది బీటల డిజైను. మాసి, పంగుని నెలల్లో మా పొలాలు చూడండి. అయిదు మూలలు, ఆరు మూలలు, ఎక్కడా రెండు ఒకేలా లేని నల్లపెంకులు, మధ్యన సన్నని చీకటి గీతలు. గుడ్డముక్కలు అతికేవాళ్ళకు అంతకంటే అద్భుతమైన నమూనా దొరకదు. కాగితం మీద గీసుకున్నాను కూడా. కానీ అది నీళ్ళు ఇంకిపోయిన నేల బొమ్మ. వాన తప్పిన ఏడు ఆ బీటల పక్కన నిలబడి ఆకాశం వైపు చూసిన ఇంటికి దాన్ని తీసుకెళ్ళి బిడ్డ కింద పరచలేను. అందమైనదల్లా కానుక కాదు.

పొలాన్నే డిజైను చేసిన పాత కథ ఒకటుంది. మగధలో గట్లు, అడ్డగట్లు వేసిన వరిమళ్ళను చూపించి, భిక్షువుల చీవరాలు ఆ పొందికలో కుట్టించగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడని వినయపిటకం చెబుతుంది. ఆనందుడు కుట్టించాడు. నేటికీ బౌద్ధ భిక్షువుల కాషాయం ముక్కలు అతికినదే. అయితే అవి తడిపొలాల గళ్ళు. మా మెట్టకు అలాంటి మళ్ళు లేవు. గొర్రు తోలిన సాళ్ళు ఉంటాయి, కంటికి ఆనినంత దూరం, తిన్నగా. కాబట్టి గళ్ళు అక్కర్లేదు. నల్లబట్ట మీద తెల్లదారంతో వరుస వెనక వరుస కుట్టు వేసుకుంటూ పోతే చాలు, బొంత కుట్టే సాళ్ళవుతుంది. ఇదీ నేను స్థిరపడిన డిజైను. నల్లనేల, తెల్లసాళ్ళు.

ఈ మాట చెప్పగానే స్నేహితురాలు ఫోనులో, "ఏందే, పసిబిడ్డకు నల్లగుడ్డా? మా అవ్వ ఊరుకుంటుందా?" అంది.

నా దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. నలుపు అశుభమంటారు గానీ పసిబిడ్డ ఒంటిమీద ఉన్నంత నలుపు ఎవరి మీదా ఉండదు. బుగ్గన కాటుక చుక్క, అరికాలికి ఇంకోటి, ముంజేతికి నల్లగాజులు, వసకొమ్ము పూసలతో కలిపి కట్టిన నల్లదారం. తమిళ బ్రాహ్మణ ఇళ్ళలో కడుపుతో ఉన్న పిల్లకు గాజుల వేడుకనాడు నల్లచీర పెట్టే ఆచారం ఉంది. మహారాష్ట్రలో బిడ్డకు మొదటి సంక్రాంతి వచ్చినప్పుడు నల్లబట్టలు వేసి, చక్కెర గుళ్ళతో చేసిన నగలు తొడిగి, రేగుపళ్ళు కలిపి నెత్తిన పోస్తారు. తెలంగాణలో దక్కనీ గొర్రె నల్ల ఉన్నితో నేసిన గొంగడి లేని పాత ఇల్లు ఉండేదా? మా కరిసల్ నేలలోనే పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం పాళెగాళ్ళ కులమైన రాజకంబళం నాయకర్లు పంచాయితీకి కంబళి పరిచి, దాని మీద కలశం పెట్టి కూర్చునేవాళ్ళని ఎడ్గర్ థర్స్టన్ 1909లో రాశాడు. అమెరికాలో ఒహాయో ఆమిష్ ఆడవాళ్ళు తమ బొంతలకు నల్లని నేపథ్యం పెట్టి, దాని మీద ఎరుపును, నీలాన్ని ఎలా వెలిగించారో బొమ్మల్లో చూసినా తెలుస్తుంది.

ఇవన్నీ పట్టుకుని వెళ్ళాను. అవ్వ ఓపిగ్గా విన్నది. ఆమె దిష్టి గురించి ఒక్క మాట అనలేదు.

"నా బతుకంతా ఆ నల్లమట్టిలోనే పాయె తల్లీ. కలుపు తీస్తి, పత్తి తీస్తి, మిరపకాయ కోస్తి. ఈ బిడ్డను గూడా దాని మీదనే పండబెట్టాల్నా?"

నేను చేర్చిపెట్టుకున్న ఆచారాలన్నీ మూఢనమ్మకానికి జవాబులు. ఆమె చెప్పింది నమ్మకం కాదు, అనుభవం. ఈ నేల నాకు అందంగా కనబడటానికి కారణం నేను దాన్ని బస్సు కిటికీలోంచి చూస్తున్నాను. ఆమె నడుము వంచి చూసింది. గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న రేగడి ఎంత కడిగినా పోని చేతులు ఆమెవి. మనుమరాలు చదువుకుని, ఉద్యోగం చేసి, విరుదునగర్‌లో ఇల్లు కట్టుకున్నది ఆ మట్టిలోంచి పైకి రావడానికే అని ఆమె లెక్క. బిడ్డకు కావలి కాసే నలుపు వేరు, మనిషిని మింగే నలుపు వేరు. ఒక చుక్కగా ఉంటే నలుపు బిడ్డను కాస్తుంది. పరుచుకుంటే అది ఆమెకు పనే.

అయినా ఆ నేలను పూర్తిగా తీసేయడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఆ ఇంటి చదువుల ఖర్చంతా పెట్టింది ఆ మట్టే. దాన్ని తలుచుకోకుండా ఈ బిడ్డకు ఊరు ఎలా చెబుతాం?

దారి చూపించింది పత్తిపువ్వు. మా వైపు పాత నాటురకం కరుంగణ్ణి. కోవిల్‌పట్టిలో 1901లో మొదలైన వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఈ పత్తిలో మేలురకాలు ఎంచి రైతులకు అందించింది. తూత్తుకుడి రేవులో ఓడకెక్కిన మా సీమ పత్తికి విదేశీ బేరగాళ్ళు టినెవెల్లీస్ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు చాలా చేలల్లో మక్కజొన్న వచ్చేసింది, ఆ పత్తి పలచబడింది. దాని పువ్వు పసుపుపచ్చగా ఉంటుంది. పూర్తిగా విచ్చుకోదు, తల వంచుకుని ఉంటుంది. వంగి లోపలికి చూస్తే రేకుల మొదట్లో ముదురు మచ్చ, పసిబిడ్డ బుగ్గమీది దిష్టిచుక్క లాగే. మర్నాటికి పువ్వు ఎరుపెక్కి వాడిపోతుంది.

పసుపురేకులు, నల్లకన్ను, తెల్లని నేల. పైముఖానికి ఇంకేం కావాలి? అయిదు రేకులను ఒకదాని అంచు ఇంకోదాని మీదకు వచ్చేట్టు, గాలికి తిరుగుతున్నట్టు పేర్చాలి; పత్తి రేకులు నిజంగానే అలా మెలివడి ఉంటాయి. నల్లముక్క నడిమధ్యలో. తెలుపు మీద పసుపు బిడ్డకు తొందరగా ఆనకపోవచ్చు, నలుపు ఆనుతుంది. బోర్లాపడిన పూట ఆ కళ్ళు ముందుగా పట్టుకునేది ఆ నల్లకన్నునే. అక్కడక్కడ ఒక పువ్వుకు ఎర్రరేకులు, వాడిన రెండోరోజు పువ్వు కోసం.

నల్లబట్ట మొత్తం అడుగుకు వెళ్ళింది. బొంతకు రెండు ముఖాలు కదా. సాళ్ళ కుట్టు పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి అడుగున నల్లనేల మీద తెల్లసాళ్ళు వాటంతట అవే వస్తాయి. నేను అనుకున్న డిజైను పోలేదు, చోటు మారింది. భయపడుతూనే మళ్ళీ అడిగాను. అవ్వ కాసేపు ఆలోచించి, "అడుగున అయితే ఉండనీ. నేల కిందనే గదా ఉండాల్సింది" అంది.

ఇక గుడ్డలు. పుట్టిన బిడ్డకు మొదట కొత్తబట్ట వేయం, పెద్దవాళ్ళు కట్టి ఉతికి మెత్తబడిన పాతబట్టే వేస్తాం. వాళ్ళ ఆయుష్షు బిడ్డకు వస్తుందని నమ్మకం. పాతనూలు చర్మాన్ని ఒరుసుకోదన్నది చేయి పెట్టి చూస్తే తెలిసే సంగతి. పసిపిల్లలు బొంతను నోట్లో పెట్టుకుంటారు. ముదురు రంగు కొత్తబట్ట రంగు వదులుతుంది, ఏళ్ళ తరబడి ఉతికిన బట్ట వదలాల్సిందంతా ఎప్పుడో వదిలేసి ఉంటుంది. అయినా నల్లముక్కలను తెల్లగుడ్డతో కలిపి తడిపి, పిండి, ఆరబెట్టి చూస్తున్నాను. జరీ అంచులు కత్తిరించి పక్కన పెట్టేశాను. అద్దాలు, గుండీలు లేవు. దూది కూడా పెట్టడం లేదు. మా వేడికి మూడు పొరల పాతచీరే ఎక్కువ.

పైపొర తెలుపు అవ్వగారి పెనిమిటి కట్టిన పంచెలోది. పసుపు, స్నేహితురాలి అత్తగారు విరుదునగర్ నుంచి పంపిన అరుప్పుకోట్టై నేత చీర. ఎరుపు మా అమ్మది, గళ్ళ కండాంగి. అడుగు నలుపుకు నా దగ్గరి మదురై సుంగుడి. సౌరాష్ట్రుల చేతిముడులతో చుక్కలు తేలిన చీర అది, వాటి మధ్యనుంచి సాళ్ళు పోతాయి.

ఊళ్ళో ఇంకో నాలుగిళ్ళనుంచి ముక్కలు అడిగాను, ఎవరూ కాదనలేదు. ఇలా అడిగి తెచ్చి కుట్టడంలో పాత భయం ఒకటి దాగి ఉంది. పుట్టిన పిల్లలు నిలవని ఇంట్లో బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టడం, తవుడుకు అమ్మి మళ్ళీ కొనుక్కుని తవిటయ్య, తవిటమ్మ అనడం తెలుగుదేశంలో ఉన్నదే. తమిళంలో పిచ్చై, కుప్పుసామి అదే కోవ. బిడ్డ విలువలేనిదని మృత్యువును నమ్మించాలని ఆ తల్లుల తాపత్రయం. చైనాలో దానికి ఎదురుదిక్కున నడిచారు. వంద ఇళ్ళనుంచి గుడ్డముక్కలు అడిగి తెచ్చి బిడ్డకు అంగీ కుట్టేవాళ్ళు, వంద ఇళ్ళ దీవెన ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుందని. నాకు ఈ రెండోది ఎక్కువ నచ్చింది. బిడ్డను దాచే బదులు ఊరికంతా చూపించి, మీ అందరి బిడ్డ అని చెప్పడంలో ధైర్యం ఉంది. ఈ బిడ్డ విరుదునగర్‌లో పెరుగుతుంది, నాగలాపురానికి సెలవులకు వస్తుంది. వచ్చినప్పుడు పువ్వు పువ్వుకూ వేలుపెట్టి, ఇది ఆ ఇంటి అత్తది, ఇది ఈ ఇంటి మామది అని తెలుగులో చెప్పేవాళ్ళు ఊళ్ళో ఉండాలని నా ఆశ. చెప్పడానికి వాళ్ళకు అక్షరాలు అక్కర్లేదు.

ఉత్తర కర్ణాటక అడవి ఊళ్ళలో ఉండే సిద్దీ ఆడవాళ్ళు కవంది అనే బొంత కుడతారు. ఒక మూల మొదలుపెట్టి అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చి నడుమ కలుస్తారు. నాలుగు మూలలకూ మడతపెట్టిన చిన్న చిన్న ముక్కలు కలిపి కుడతారు, వాటిని పువ్వు అంటారు. పువ్వు లేని బొంత బట్టలేని ఒళ్ళుతో సమానమని వాళ్ళ మాట. నా సాళ్ళు తిన్నగా పోయేవి కాబట్టి చుట్టుకుట్టు కుదరదు. మూలల పువ్వులు మాత్రం వాళ్ళనుంచి తీసుకుంటున్నాను. బిడ్డ వేళ్ళకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరకాలి. గట్టిగా, రెండుసార్లు కుట్టాలి, లాగినా ఊడకుండా.

అంచు రంగు ఒక్కటే తేలలేదు. ఎరుపు పెట్టమని స్నేహితురాలు, కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల రంగు అంటుంది. పచ్చని అంచు కావాలని అవ్వ. కొత్తగా మొలిచిన సజ్జచేను రంగట. ఆమె పచ్చ అడుగుతుంటే నాకు ఇంకో మాట రాలేదు. నాలుగు మూలల పువ్వులను మిరప ఎరుపులో కుడతాను, అంచు సజ్జ పచ్చ. మా పెద్దమ్మ పెట్టెలో ఆ పచ్చ రవికెగుడ్డ ఉందట. వచ్చే ఆదివారం పోయి తెచ్చుకోవాలి.